సముద్రం లేని జిల్లాలో చేపల లాయరు

సంపాదకులు గారికి నమస్కారం.

లా చదివాక ఏం చేయొచ్చు అంటూ మీ పత్రికలో వచ్చిన పేజీ చదివాను. కార్పొరేట్ లా అన్నారు, సైబర్ నేరాలన్నారు, జడ్జి పరీక్షలన్నారు, పేటెంట్ల గురించి చాలానే రాశారు. పరిపాలనా చట్టం మాట ఒక్కచోట కూడా కనపడలేదు. అడ్మినిస్ట్రేటివ్ లా బార్ కౌన్సిల్ సిలబస్‌లో తప్పనిసరి పేపరే, పిల్లలు పరీక్ష ముందు గైడ్ చదివి పాసవుతారు, పాసయ్యాక దాని మొహం చూడరు. నేను ఇరవై ఏళ్లకు పైగా దాని మీదే బతుకుతున్నాను, అందులోనూ చాలా భాగం చేపల మీద. ఈ మాట చెప్తే మా బార్ రూములోనే నవ్వుతారు. "కర్నూల్లో సముద్రం యాడుందప్పా, నీకు చేపల కేసులు రావడానికి?" అని ఒక సీనియర్ నన్ను చూసినప్పుడల్లా అడుగుతాడు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగే అవుతుంది. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే కింద అమెరికా గురించి రాసింది కత్తిరించండి, మా చెరువుల సంగతి మాత్రం ఉంచండి.

సివిల్ కేసంటే పొలం గట్టు, క్రిమినల్ కేసంటే పోలీస్ స్టేషన్ అని జనానికి తెలుసు. పరిపాలనా చట్టం ఏమిటని అడిగితే నేను ఇలా చెప్తాను: మీ బతుకుతెరువు ఒక ఆఫీసరు సంతకం మీద ఆధారపడి ఉంటే, ఆ సంతకం ఎలా పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు అని చూసే చట్టం. రేషన్ డీలర్‌షిప్ రద్దు, బేతంచెర్ల వైపు నాపరాయి క్వారీ లీజు, బస్సు పర్మిట్, కాలుష్య నియంత్రణ మండలి నోటీసు, అన్నీ ఇందులోవే. చేపలవాడి సంగతి ఇంకా పక్కా. రైతుకైతే పట్టా అనేది ఒకటుంటుంది. చేపలవాడికి నీళ్లు తనవి కావు, చేప కూడా వలలో పడేదాకా తనది కాదు. ఉండేదల్లా ఒక లైసెన్సు, లేకపోతే ఒక చెరువు లీజు, లేకపోతే మత్స్యకార సహకార సంఘంలో సభ్యత్వం. ఆ కాగితం పోయిందంటే ఇంట్లో పుట్టి పడవ ఉన్నా వల ఉన్నా లేనట్టే. ఇంతగా కాగితం మీద నడిచే వృత్తి ఇంకోటి ఉందా అంటే నాకైతే తోచదు, అయినా లాయరు అతి తక్కువగా కనిపించేది వీళ్ల దగ్గరే.

నేను ఈ దారి పట్టింది విశాఖలో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉన్నప్పుడు. ఆయన దగ్గరికి హార్బర్ బోట్ల వాళ్లు వచ్చేవాళ్లు. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా సంప్రదాయ మత్స్యకారులకు వదిలేయాలి, మరబోట్లు ఆ లోపలికి రాకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా మరబోట్లకు వేట బంద్. తప్పితే బోటు పట్టుకుంటారు, విచారణ జరిపి జరిమానా వేస్తారు, దాని మీద అప్పీలు ఉంటుంది. చదవడానికి శుభ్రంగా ఉంది కదా. కానీ అసలు గొడవ ఇంకోచోట ఉండేది. పట్టుకున్నప్పుడు బోటు నిజంగా ఎనిమిది కిలోమీటర్ల లోపల ఉందని ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఆ కొలత అప్పుడే రాసుకున్నారా లేక ఒడ్డుకొచ్చి టీ తాగాక రాశారా? పట్టిన చేపను ఏం చేశారు? మంచులో పెట్టినా చేప కేసు తేలేదాకా ఆగదు కదా, దాన్ని వేలం వేసి డబ్బు జమ కట్టాలి, ఆ వేలంలో ఎంత వచ్చింది, రశీదు ఏది?

అన్నిటికన్నా పెద్ద సంగతి, సీనియర్ మొదటి రోజుల్లోనే చెప్పింది, జరిమానా కంటే ఆలస్యమే బోటువాడిని ముంచుతుంది. సీజన్ మధ్యలో బోటు రేవులో కట్టేసి ఉంటే డీజిల్ అప్పు, ఐస్ అప్పు, కూలీల అడ్వాన్సు, అన్నీ మీద పడతాయి. కేసు చివర్లో గెలిచినా సీజన్ తిరిగి రాదు. అందుకని ఆయన మొదటి పిటిషన్ ఎప్పుడూ 'మా తప్పు లేదు' అని వేసేవాడు కాదు, పూచీకత్తు తీసుకుని బోటు వదలండి, విచారణ తీరిగ్గా చేసుకోండి అని వేసేవాడు. లా కాలేజీ దీన్ని నేర్పదు. నేర్పాలని నా అభిప్రాయం.

ఇంటి పరిస్థితుల వల్ల కర్నూలుకు తిరిగొచ్చేశాను. ఇంక చేపల కేసుల పని అయిపోయిందనుకున్నాను, కానీ ఇక్కడి నీళ్లు మీరనుకునే దానికంటే చాలా ఎక్కువ. సుంకేసుల, గాజులదిన్నె, వెలుగోడు, అలగనూరు, అవుకు, కడప వైపు మైలవరం, గండికోట, బ్రహ్మంసాగర్, అనంతపురం వైపు మిడ్ పెన్నార్, పెన్న అహోబిలం. వీటన్నిటికీ పెద్దన్న శ్రీశైలం, నిండితే 885 అడుగులు. 2022 ఏప్రిల్లో జిల్లాలు చీల్చినప్పుడు ఆ బ్యాక్‌వాటర్ మన వైపుది చాలా వరకు నంద్యాల జిల్లాకు పోయింది గానీ, ఆత్మకూరు, కొత్తపల్లి, పగిడ్యాల వైపు వాళ్లు నా గడప తొక్కడం మానలేదు. ఎండాకాలం ఆ నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడ్డప్పుడు మీరంతా ఫొటోలు వేస్తారు, చూడ్డానికి జనం పోతారు, బాగుంటుంది. అదే సమయంలో నీళ్లు తగ్గి చేపంతా మడుగుల్లోకి చేరుతుంది, అసలు తగాదాలు మొదలయ్యేదీ అప్పుడే.

తగాదాల్లో పెద్దది అలివి వల. తెలియని వాళ్లకు చెప్తున్నా, దోమతెర లాంటి సన్న కన్ను వల అది, చాలా పొడుగుంటుంది, లాగితే వేలెడు పిల్ల కూడా తప్పించుకోలేదు. ప్రభుత్వం డబ్బు పెట్టి వదిలిన బొచ్చె, రవ్వ చేపపిల్లలు కిలో బరువుకు రాకముందే దాంట్లో పడి, గట్టు మీద ఎండి, బస్తాలకెక్కిపోతాయి. దాని మీద నిషేధం ఉంది, ఉండాలి కూడా. ఇప్పుడొక కేసు చెప్తాను, ఊరి పేరు, ఆఫీసు పేరు రాయను. కొన్నేళ్ల కిందట ఒక ఊరి వాళ్లు మొత్తం గుంపుగా వచ్చారు. అలివి వలలు వాడారని వాళ్లందరి లైసెన్సులూ ఒకే కాగితంతో రద్దు చేశారు. కాగితం మూడు లైన్లు, ఇంగ్లీషులో. నోటీసు ఇవ్వలేదు, పిలిచి అడగలేదు, ఎవరి దగ్గర ఏ వల దొరికిందో రాయలేదు. "మాకు ఎవురూ చెప్పలేదు సార్, రేపట్నుంచి నీళ్లలోకి దిగొద్దన్నారు, అంతే" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

నేను ముందు సమాచార హక్కు చట్టం కింద ఫైలు కాపీ అడిగించాను. పది రూపాయల దరఖాస్తు, ముప్పై రోజుల గడువు. లాయరు ఫీజు ఇచ్చుకోలేని వాళ్లకు ఇంతకంటే మంచి ఆయుధం ఈ దేశంలో ఇంకా తయారు కాలేదు. ఫైల్లో వలలు స్వాధీనం చేసుకున్న పంచనామా ఉంది గానీ అందులో పేర్లు కొన్నే. మిగతావాళ్ల మీద ఒక ఫిర్యాదు తప్ప ఏమీ లేదు. అప్పుడు రెండు పేజీల అర్జీ తెలుగులో రాశాను, అందులో సుప్రీంకోర్టు తీర్పులు మూడే పెట్టాను. బతుకును దెబ్బతీసే పరిపాలనా నిర్ణయానికి కూడా సహజ న్యాయ సూత్రాలు, అంటే ముందు మనిషి మాట వినాలనేవి, వర్తిస్తాయని 1969 నాటి క్రైపాక్ కేసు. ప్రభుత్వం పాటించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని 1978 నాటి మేనకా గాంధీ కేసు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది మూడోది, 1977లో తీర్పు వచ్చిన మొహిందర్ సింగ్ గిల్ కేసు: ఉత్తర్వు ఇచ్చేటప్పుడు అందులో రాయని కారణాలను తర్వాత కోర్టులో అఫిడవిట్ వేసి అతికించడానికి కుదరదు. మూడు లైన్ల ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసుకు ఇది చాలు. కోర్టు దాకా పోనక్కర్లేకుండానే ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు, ఒక్కొక్కరికీ విడిగా నోటీసులిచ్చి పిలిచారు.

తర్వాత జరిగింది కూడా రాయాలి, లేకపోతే నేను కథ అందంగా చెప్పినట్టవుతుంది. విచారణలో కొందరు నిజంగానే అలివి వల వాడినట్టు తేలింది, వాళ్ల లైసెన్సులు పోయాయి, మిగతావాళ్లవి నిలిచాయి. పోయినవాళ్లు నా మీద కోప్పడ్డారు. నేనేమీ బాధపడలేదు. తప్పు చేసినవాడినీ చెయ్యనివాడినీ విడదీయకుండా ఒకే కాగితంతో అందరినీ ఇంటికి పంపే పద్ధతి పోవడమే నాకు కావాల్సింది. మా వృత్తిలో చాలామంది దీన్ని గెలుపు కింద లెక్కేయరు.

ఇంకో చిక్కు కూడా ఉంది, అది ఏ పుస్తకంలోనూ దొరకదు. 2014 తర్వాత శ్రీశైలం నీళ్లకు ఒక గట్టు మనది, అవతలి గట్టు తెలంగాణది. చేపకు ఆ సంగతి తెలియదు. ఇక్కడి లైసెన్సు అక్కడ చెల్లదు, ఇక్కడ తనిఖీ జరిగితే అలివి వల అవతలి గట్టుకు పోతుంది, అక్కడ జరిగితే ఇవతలికి వస్తుంది. రాజ్యాంగంలో లోపలి నీళ్ల చేపలు రాష్ట్ర జాబితాలో 21వ అంశం, కేంద్రానికి ఉన్నది 57వ అంశం, అంటే ప్రాదేశిక జలాలైన 12 నాటికల్ మైళ్లు దాటిన సముద్రమే. కాబట్టి రెండు రాష్ట్రాల శాఖలు కూర్చుని ఒకే వల కన్ను కొలత, ఒకే నిషేధ కాలం పెట్టుకోవాలి. నీళ్ల పంపకం మీద మాట్లాడుకునే వేదికల్లో చేపల ఊసు తెమ్మని ఎవరైనా అడిగితే బాగుండు.

చెరువుల కేసులు వేరే రకం. అనంతపురంలో సగటు వానే ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర, అదీ పడితే. ఒక సంఘం లీజు డబ్బు కడుతుంది, చేపపిల్లలు కొనుక్కుంటుంది, వాన రాదు, చెరువులో పిల్లలాడుకుంటారు క్రికెట్. లీజు లెక్క మాత్రం ఫసలీ, అంటే రెవెన్యూ ఏడాది ప్రకారం, జులై నుంచి జూన్ దాకా నడుస్తూనే ఉంటుంది. నీళ్లే లేని చెరువుకు లీజు మాఫీ చేయండి, లేదంటే గడువు పొడిగించండి అని అడిగే హక్కుందని చాలా సంఘాలకు తెలియదు, తెలిసినా నీళ్లు లేవని చూపించే కాగితం అప్పుడే తీసుకోరు. నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, చెరువు ఎండినప్పుడే నీటిపారుదల ఏఈ దగ్గరో వీఆర్వో దగ్గరో రాయించుకోండి, మళ్లీ వాన పడ్డాక చెప్తే ఎవరూ నమ్మరు. ఇప్పుడు హంద్రీ నీవా నీళ్లతో కొన్ని చెరువులు నింపుతున్నారు, అది మంచిదే, దాంతో కొత్త రకం తగాదాలూ వచ్చాయి. ఎండిన చెరువును ఎవరూ అడగరు, నిండిన చెరువుకు పంచాయతీ వేలం అంటుంది, సంఘం మాది అంటుంది, ఊళ్లో పలుకుబడి ఉన్నవాడు రాత్రికి రాత్రి బినామీ సభ్యులతో కొత్త సంఘం పెడతాడు. ప్రభుత్వం ఏదైనా పంచిపెట్టేటప్పుడు తాను ప్రకటించిన నిబంధనలను తానే దాటకూడదని 1979లో రమణ దయారాం శెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది బొంబాయి విమానాశ్రయంలో హోటల్ కాంట్రాక్టు గొడవ. గోనెగండ్ల పక్క చెరువుకు కూడా అదే పనికొస్తుంది. పరిపాలనా చట్టంలో నాకు నచ్చేది అదే.

ఇప్పుడు ఆ అమెరికా సంగతి. 2024 జూన్ 28న అక్కడి సుప్రీంకోర్టు లోపర్ బ్రైట్ కేసులో తీర్పిచ్చింది. హెర్రింగ్ అనే చేప, మన కవళ్లకు దగ్గరి చుట్టం, దాన్ని పట్టే బోట్ల మీద ప్రభుత్వం పరిశీలకుణ్ణి కూర్చోబెట్టి, అతని జీతం బోటువాడే కట్టాలంది. రోజుకు ఏడొందల డాలర్ల పైమాట. 1976 నాటి వాళ్ల చేపల చట్టంలో ఈ చేప వేటలో పరిశీలకుడి డబ్బు ఎవరు కట్టాలో స్పష్టంగా లేదు. చట్టం మౌనంగా ఉన్నచోట శాఖ చెప్పిన అర్థం సబబుగా ఉంటే కోర్టు దాన్నే ఒప్పుకోవాలని 1984 నుంచి షెవ్రాన్ సూత్రం ఉండేది. నలభై ఏళ్ల ఆ సూత్రాన్ని కొట్టేసి, చట్టానికి అర్థం చెప్పేది కోర్టులేనన్నారు. మా జూనియర్లు దాన్ని చూసి చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ కేసు వెనక బోటువాళ్లే కాదు, నియంత్రణలంటే గిట్టని పెద్ద వ్యాపార వర్గాలూ ఉన్నాయని అక్కడి పత్రికలే రాశాయి. మన దగ్గర చిన్నవాడికి చాలాసార్లు కావాల్సింది బలమైన నియంత్రణే. పర్స్ సీన్ లాంటి పెద్ద వలలను తీరానికి దగ్గరగా వాడకూడదని కేరళ ప్రభుత్వం నిషేధిస్తే 1990ల్లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది, సంప్రదాయ మత్స్యకారుల బతుకు కోసం. 1996లో జగన్నాథ్ కేసు, గాంధేయవాది జగన్నాథన్ వేసింది, తీరంలో అడ్డూ అదుపూ లేని రొయ్యల చెరువులకు కళ్లెం వేసింది, ఆ తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. అంటే చేపల లాయరు ఎప్పుడూ ప్రభుత్వానికి ఎదురే నిలబడాలని లేదు, ఒక్కోసారి శాఖ చేసిన మంచి పని కూలిపోకుండా దాని పక్కనా నిలబడాలి.

సంపాదన గురించి అడుగుతారు పిల్లలు, అడగాల్సిందే. చేపల మీదే ఇల్లు గడవదు. సంఘాలు చందాలేసుకుని ఫీజిస్తాయి, అదీ పట్టుబడి బాగుంటేనే. ఇల్లు గడిచేది ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు కేసులతో, క్వారీ లీజులతో, డీలర్‌షిప్పులతో. అదే చట్టం, అవే నాలుగు సూత్రాలు, కక్షిదారులు వేరు. భీమవరం వైపు మేత ఫ్యాక్టరీలు, రొయ్యల ఎగుమతిదార్లు లైసెన్సుల పనికి లాయర్లను పెట్టుకుంటారు, అక్కడ డబ్బు బాగుంటుంది, పోవాలనుకున్నవాళ్లు పోవచ్చు. కానీ ఎక్కడున్నా రోజుకు సగం పని కోర్టులో ఉండదు. ఫైలు చదవడం, తేదీలు పట్టుకోవడం, ఆఫీసరు సంతకం పెట్టడానికి భయపడకుండా ఉండేలా ఒక పేజీ అర్జీ రాయడం. గట్టిగా అరిచి వాదించాలని సరదా ఉన్నవాళ్లకు ఇది నచ్చదు. వల కన్ను ఎలా కొలుస్తారో కూడా చేత్తో పట్టుకుని చూడాలి, చూడకుండా వాదిస్తే ఎదుటి ఆఫీసరుకు ఒక్క ప్రశ్నలో దొరికిపోతాం.

దూరం మాట రాయకపోతే కర్నూలు వాణ్ణి కాను. రిట్, అంటే ప్రభుత్వ ఉత్తర్వును ప్రశ్నించే పిటిషన్, వేయాలంటే అమరావతి హైకోర్టుకు పోవాలి, మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. రాజధాని, హైకోర్టు కోస్తాకూ సీమకూ పంచాలన్న 1937 శ్రీబాగ్ ఒప్పందం, 1953లో కర్నూలు రాజధాని, 1954లో గుంటూరులో హైకోర్టు, ఆ తర్వాత అంతా హైదరాబాదు, ఆ కథ మీకు తెలుసు. 2024 నవంబరులో కర్నూలులో బెంచి పెట్టాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. వస్తే సంతోషం. రోజు పట్టుబడి మీద బతికే మనిషికి ఒక వాయిదాకు పోయిరావడమంటే రెండు రోజుల తిండి పోవడమే, మా జూనియర్లకూ అందుకే ఈ లైను మీద మోజు లేదు.

ఇంకొక్కటి. సముద్రంలో 61 రోజుల నిషేధానికి భృతి ఉంది, 2019 నుంచి పదివేలు ఇచ్చేవాళ్లు, 2025లో ఇరవై వేలకు పెంచారు. మంచి పని. వానాకాలం మొదట్లో గుడ్లు పెట్టే చేపను వదిలేయమని రిజర్వాయరు వాళ్లకూ చెప్తాం, ఆ రోజులకు వాళ్లకు ఆ భృతి వర్తించదు. మంచినీళ్ల చేపలవాడి కడుపు వేరుగా ఉంటుందా? దీని మీద ఎవరైనా యువ లాయరు సమానత్వ హక్కు కింద పిటిషన్ రాస్తానంటే నా దగ్గరున్న కాగితాలన్నీ ఇస్తాను.

బెంచి, భృతి పెద్ద విషయాలు, ఎప్పటికి తేలతాయో. ఈలోపు మత్స్యశాఖను నేను అడిగేది రూపాయి ఖర్చు లేనిది. లైసెన్సు రద్దు చేసినా, లీజు నిరాకరించినా, ఆ ఉత్తర్వు తెలుగులో ఉండాలి, అధికార భాషా చట్టం 1966 నుంచి ఉంది కదా. కారణం రాయాలి. ఒక్కొక్కరి పేరు మీద విడిగా ఇవ్వాలి. కాగితం అడుగున అప్పీలు ఎవరికి చేసుకోవాలో, ఎన్ని రోజుల్లోనో ఒక లైను వేయాలి. ఆ లైను ఉంటే నాకొచ్చే కేసుల్లో సగం నా దాకా రావు, అయినా ఫర్వాలేదు. మీ కెరీర్ పేజీ వాళ్లకు కూడా ఒక మాట, మా జిల్లా లా కాలేజీల ఫైనల్ ఇయర్ పిల్లలను ఒక్క ఆదివారం సుంకేసులకు పంపించండి, లైసెన్సు కాగితం అడిగి చదివిరమ్మనండి. బస్సు చార్జీలు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక న్యాయవాది,
కర్నూలు.